స్నోమొబైల్‌పై సుదూర రికార్డు: అసలు కష్టం ఎక్కడ?

స్నోమొబైల్‌పై (మంచు మీద నడిచే మోటారు బండి) రోజంతా వెళ్లి దూరం రికార్డు కొట్టడంలో కష్టమేంటి అని అడిగారు. వేగం కాదు, చలీ, బొటనవేలూ! మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి దాదాపు మైనస్ 38లా తగులుతుంది. పైగా థ్రాటిల్‌ని (వేగం పెంచే మీట) కుడి బొటనవేలితో నొక్కిపట్టే ఉండాలి. గంటలు గడిచేకొద్దీ అది మొద్దుబారిపోతుంది.

బండికీ తిప్పలే. చాలా మోడళ్లలో ఇంజిన్ చల్లబడేది ట్రాక్ (బండి కింద తిరుగుతూ ముందుకు నడిపే వెడల్పాటి పట్టా) ఎగజిమ్మే మంచుతోనే. గట్టి ఐస్ మీద మంచుపొడి లేవదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది. ట్రాక్ లోపలి ప్లాస్టిక్ పట్టీలూ త్వరగా అరిగిపోతాయి. ఇంజిన్ శక్తిని ట్రాక్‌కి అందించే డ్రైవ్ బెల్ట్ తెగితే దారిలోనే మార్చుకోవాలి కాబట్టి స్పేర్ లేకుండా బయల్దేరకండి.

అలాస్కాలో 1984లో మొదలైన ఐరన్ డాగ్ స్నోమొబైల్ రేసు దూరం ఇప్పుడు 3,200 కిలోమీటర్లు దాటింది. అందులో ప్రో జట్టుకి ఇద్దరు రైడర్లు, రెండు బళ్లు. మీరూ ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. రికార్డుకి రుజువుగా జీపీఎస్ లాగ్ (వెళ్లిన దారి నమోదు), సాక్షుల ఏర్పాటు మొదటి రోజు నుంచే చూసుకోండి.