పెళ్ళి మండపం సోఫా నుంచి ట్రియానాన్ కుర్చీ దాకా

"పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి రాజభవనాల శైలి అంటే నాకు ప్రాణం. రెండు పడకగదుల ఫ్లాటులో, మామూలు జీతంతో, రోజువారీ జీవితంలోకి దాన్ని తెచ్చుకోవడం ఎలా?" అని అడిగారు. ముందు నేను చేసిన తప్పు చెబుతాను. కనీసం మీ డబ్బు మిగులుతుంది.

విజయవాడలో ఇల్లు కొన్న కొత్తలో ఒక సోఫా తెచ్చాను. తెల్లటి రెగ్జిను, చుట్టూ బంగారు రంగు పూసిన చెక్కుడు పని, సింహం పంజాల్లాంటి కాళ్ళు. దుకాణంలో దాన్ని ఫ్రెంచి మోడల్ అన్నారు, నేను నమ్మాను. అది ఇంటికి చేరిన సాయంత్రం అత్తయ్యగారు గుమ్మంలోనే ఆగి, "అమ్మాయ్, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఎప్పుడొస్తారు?" అన్నారు. అప్పుడు ఉక్రోషం వచ్చింది కానీ ఆవిడ అన్నది నిజం. ఒక్క వానాకాలం గడిచేసరికి బంగారు రంగు నల్లబడి పెచ్చులూడింది. చెక్కుడు సందుల్లో దుమ్ము తీయడానికి ప్రతి ఆదివారం పాత టూత్ బ్రష్షు పట్టుకుని కూర్చునేదాన్ని.

తర్వాత మా వారి ఉద్యోగం వల్ల రెండేళ్ళు ఫ్రాన్సులో, ఫ్రెంచి రాజుల భవనం ఉన్న వెర్సాయ్‌కి పక్క ఊళ్ళో ఉన్నాం. ఫౌంటెన్లు ఆడించే రోజులూ, తోటల్లో సంగీతం వినిపించే రోజులూ తప్పిస్తే అప్పట్లో అక్కడి తోటలకు టికెట్టు ఉండేది కాదు. పాపను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని వారానికి రెండు మూడు సార్లు వెళ్ళేదాన్ని. భవనం లోపలికి వెళ్ళిన ప్రతిసారీ నా సోఫా గుర్తొచ్చి సిగ్గేసేది. ఎందుకో చెబుతాను.

మనం ఫోటోల్లో చూసి మురిసిపోయే ఆ బంగారపు గదులు నివసించడానికి కట్టినవి కావు, ప్రదర్శనకు కట్టినవి. అద్దాల మందిరమైతే అసలు పదిహేడో శతాబ్దంలో 14వ లూయీ కట్టించినది. అతని పెద్ద పడకగదిలో చలికి తట్టుకోలేక 15వ లూయీ 1738లో పక్కనే తనకోసం వేరే పడకగది ఏర్పాటు చేసుకున్నాడు. రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే లేచి పాత గదికి వెళ్ళి, సభికుల ముందు 'నిద్ర లేచే' తంతు నడిపేవాడు! వేరే చోట నిద్ర లేచి, ఇక్కడికొచ్చి మళ్ళీ నిద్ర లేవడం. రాజుగారే పారిపోయిన గదిని మనం వాయిదాల మీద కొనుక్కుంటున్నామన్న మాట.

రాణి మేరీ ఆంటోనెట్ సంగతీ అంతే. 1778 డిసెంబరులో ఆమె తొలి కాన్పు జరిగినప్పుడు గది నిండా జనం. మన ఇళ్ళలో బాలింతను చూడటానికి వచ్చే చుట్టాలే నయం, కాన్పు అయ్యేదాకా ఆగుతారు. ఆమె ఊపిరి పీల్చుకున్న చోటు, 1774లో భర్త 16వ లూయీ ఇచ్చిన పెతి ట్రియానాన్ అనే చిన్న మేడ. ఇప్పుడు కూడా దాన్ని మధ్యాహ్నం 12 గంటలకు గాని తెరవరు. అక్కడ ఆమె పడకగది కోసం 1787లో జార్జ్ జాకబ్ చేసిన కుర్చీలు నా కళ్ళు తెరిపించాయి. వాటి మీద గోధుమ వెన్నులు, పూలు, తీగలు చెక్కి, బంగారం కాకుండా వాటి సహజమైన రంగులే వేశారు. పైన తెల్లటి బట్ట, దాని మీద అడవిపూల కుట్టుపని.

కాబట్టి నా సలహా ఒక్కటే. రాజులు జనానికి చూపించిన గదుల జోలికి పోకండి, వాళ్ళు దాక్కున్న గదులను అనుకరించండి. అవి చిన్నవి, లేత రంగులవి, సౌకర్యంగా ఉండేవి. మన ఫ్లాట్లకు సరిగ్గా సరిపోతాయి.

మొదట వెలుతురు చూసుకోండి. దీనికి దాదాపు ఖర్చు లేదు. ఆ కాలంలో అద్దాలూ బంగారు పూతా అన్నేసి ఎందుకు పెట్టారంటే, రాత్రిళ్ళు ఉన్నది కొవ్వొత్తుల వెలుగే. అద్దానికి అటూ ఇటూ కొవ్వొత్తులు పెడితే వెలుగు రెట్టింపయ్యేది, బంగారు అంచు మీద మినుకుమినుకుమనేది. అదే బంగారాన్ని తెల్లటి ట్యూబులైటు కింద పెడితే ఇత్తడి కంటే చవకగా కనిపిస్తుంది. నా సోఫా అందుకే అంత దిక్కుమాలినట్టుంది. మా హాల్లో ఇప్పుడు సాయంత్రం ఏడు దాటితే ట్యూబులైటు వెయ్యం. కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో రెండు పసుపు వెలుతురు దీపాలు, వాటి వెనక ఒక నిలువుటద్దం. అంతే.

ఇక కుర్చీ. సెట్టుగా కొనకండి. మంచి కుర్చీ ఒక్కటి చేయించండి. పక్కలు మూసి, లోపల మెత్త ఉండి, మనిషిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టుండే చేతుల కుర్చీని వాళ్ళు బెర్జేర్ అంటారు. కాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. 15వ లూయీ శైలిలో కాలు మెలికలు తిరిగి వంపుగా ఉంటుంది. ఆ వంపు తియ్యాలంటే మందపాటి దుంగ కావాలి, సగం చెక్క వృథా అవుతుంది, పనిమంతుడైన వడ్రంగి దొరకాలి. 16వ లూయీ శైలిలో కాలు నిటారుగా, కిందికి సన్నబడుతూ, నిలువు గాడులతో ఉంటుంది. లేతు మిషను ఉన్నవాళ్ళు ఎవరైనా తిప్పి ఇస్తారు. మా వడ్రంగికి ఫోనులో ఫోటో చూపిస్తే, "ఇంతేనా అమ్మా, మంచం కోడే కదా" అన్నాడు. ఆ తేలికదనం నాకు ఎంతో నచ్చింది. టేకుతో చేయించి, బంగారు రంగు జోలికి పోకుండా లేత బూడిద రంగు వేయించాను. అక్కడి గోడల కొయ్యపనికి ఎక్కువగా వాడిన రంగుల్లో అదీ ఒకటి.

మన ఎండలకు మఖమల్ వద్దు. మే నెలలో మఖమల్ మీద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. వీపు ఆనే చోట పేము అల్లిక వేయించండి. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులోనూ పేము అల్లిక కుర్చీలు చాలా చేశారు కాబట్టి మీరు శైలి తప్పినట్టు కాదు.

అన్నిటికంటే ఎక్కువ మనసు పెట్టాల్సింది బట్ట మీద. సంపన్నుల ఇళ్ళలో ఋతువును బట్టి కుర్చీల బట్ట మార్చేవారు, చలికాలానికి బరువైనవి, ఎండాకాలానికి తేలికైనవి. అందుకోసం కొన్ని కుర్చీల్లో మెత్తను విడి చట్రానికి బిగించి, చట్రంతో సహా ఊడదీసేలా చేసేవారు. నేనూ అలాగే చేయించాను. నాలుగు మరలు విప్పితే సీటు చేతిలోకి వస్తుంది. ఉతకడం తేలిక.

ఆ బట్ట కథ తెలిస్తే మీరు నాలాగే ఎగిరి గంతేస్తారు. కోరమాండల్ తీరం నుంచి, మన మచిలీపట్నం నుంచి కూడా, వెళ్ళిన అచ్చు బట్టలను ఫ్రెంచివాళ్ళు 'ఆందియెన్' అనేవారు. 'భారతీయమైనవి' అని దాని అర్థం. వాటి మోజులో పడి జనం స్థానిక పట్టునూ ఉన్నినీ కొనడం మానేస్తున్నారని 1686లో వాటిని నిషేధించారు. నిషేధం 1759 దాకా నడిచింది. అయినా గొప్పింటి ఆడవాళ్ళు దొంగచాటుగా తెప్పించుకుని తొడుక్కుంటూనే ఉన్నారు. ఈలోగా మన రంగుల రహస్యం అక్కడికి చేరింది. 1742లో కేర్దూ అనే జెస్యూట్ ఫాదరు కరక్కాయ, గేదె పాలతో మొదలుపెట్టి మన వాళ్ళు బట్టకు రంగు ఎలా పట్టిస్తారో వివరంగా ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. ఆయన తెలుగు క్షుణ్ణంగా నేర్చినవాడు, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదే, 1760లో, ఓబర్‌కాంఫ్ అనే ఆయన వెర్సాయ్ పక్కన జూయీలో అచ్చు బట్టల కార్ఖానా పెట్టాడు. 1783లో దానికి రాజముద్ర దక్కింది. తెలుపు మీద ఒకే రంగులో పల్లె దృశ్యాలతో కనిపించే ప్రసిద్ధమైన 'జూయీ బట్ట' అక్కడిదే.

జూయీలో ఇప్పుడు ఆ బట్టల మ్యూజియం ఉంది. అక్కడ చెక్క అచ్చుల ముందు నిలబడినప్పుడు నాకు పెడన గుర్తొచ్చింది. అది మా అమ్మమ్మగారి ఊరు. సెలవుల్లో వెళ్తే పొద్దుటి నుంచి అచ్చులు కొట్టే చప్పుడు, కరక్కాయ వాసన. ఏడు వేల కిలోమీటర్లకు పైగా వెళ్ళి, టికెట్టు కొని మరీ అమ్మమ్మగారి ఊరిని చూసొచ్చాను.

అందుకే మా బెర్జేర్ మీద ఉన్నది పెడన బట్ట. తెలుపు మీద ఎర్రటి తీగలు. మీరు కొంటే చాలా రంగులు కలగలిసిన డిజైను కాకుండా ఒకటి రెండు రంగులది తీసుకోండి, చిన్న గది గందరగోళంగా కనిపించదు. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి మెత్త మీద పట్టదు. కిటికీ ఎండ నేరుగా పడితే వెలిసిపోతుంది.

దుస్తుల విషయంలో వెడల్పాటి పంజరపు లంగాల గురించి మర్చిపోండి, ఆటోలో పట్టరు. 1783 పారిస్ చిత్రాల ప్రదర్శనలో పెట్టిన, విజే లెబ్రన్ అనే చిత్రకారిణి గీసిన చిత్రంలో మేరీ ఆంటోనెట్ తెల్లటి పల్చని మస్లిన్ గౌను, నడుముకు పట్టీ, గడ్డి టోపీతో కనిపిస్తుంది. రాణి లోదుస్తుల్లో ఉందని గోల చేసి ఆ బొమ్మను తీయించారు. తెల్లటి నూలు గౌనుకు ఒక పట్టు పట్టీ కడితే మీ పని అయినట్టే.

15వ లూయీకి తన కాఫీ తనే కాచుకోవడం సరదా. పొద్దున్నే డికాక్షను దించుతుంటే నాకూ ఆ పోలిక కొంచెం గర్వంగానే ఉంటుంది. పింగాణీ కప్పులు జతకు జత కలవకపోయినా పరవాలేదు గాని, అతిథులు వస్తారని అలమారలో దాచకండి, రోజూ వాడండి. ఎండు పూల గిన్నె కూడా పెట్టి చూశాను. వానాకాలంలో బూజు పట్టింది. ఇప్పుడు అదే గిన్నెలో మల్లెలూ మరువమూ వేస్తున్నాను.

పాత సోఫాను చివరికి ఒక షామియానా దుకాణంవాళ్ళు సంతోషంగా పట్టుకెళ్ళారు. బెర్జేర్‌లో కూర్చునే అవకాశం నాకు రావడం లేదు, మధ్యాహ్నం భోజనం కాగానే అత్తయ్యగారు అందులో పేపరు పట్టుకుని కూర్చుంటారు, పావుగంటలో నిద్రపోతారు. ఒకటి మర్చిపోయాను, నిలువుటద్దం బిగించే ముందు అందులో ఏం కనిపిస్తుందో చూసుకోండి. మాకు మొదటి నెలంతా వంటింట్లో అంట్ల గిన్నెలు రెండింతలుగా కనిపించాయి.