రాధామనోహరం మిద్దె దాకా పాకింది, ఒక్క పువ్వూ లేదు

ప్రశ్న: సార్, మాది చంద్రగిరి. గేటుకి ఒక పక్క రాధామనోహరం, ఇంకో పక్క కాగితంపూల తీగ పెట్టి రెండేళ్లు దాటింది. రెండూ మిద్దె దాకా పాకినాయి గానీ పూలు లేవు. వరికి వేయగా మిగిలిన యూరియా నెలకోసారి వేస్తా ఉన్నా, రోజూ బోరు నీళ్లు పెడతా ఉన్నా. ఈ మధ్య కొత్త ఆకులు పసుపుగా వస్తా ఉండాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉండాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ యూరియా మానెయ్యండి. యూరియా దండిగా పడిన వరి మడి నల్లగా ఏపుగా పెరిగి చివరికి ఎట్లా పడిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ గేటు దగ్గర జరుగుతున్నదీ అదే, తీగకి ఆకు వేసుకోడానికే టైం సరిపోతా ఉంది. బదులుగా ఒక్కో పాదుకి 50 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 25 గ్రాముల పొటాష్, గంపెడు చివికిన పశువుల ఎరువు వేసి కలిపి నీళ్లు పెట్టండి, మూడు నెలల దాకా ఇంకేం వద్దు.

తర్వాత రెండిటినీ ఒకేలా చూడొద్దు. రాధామనోహరం కొత్త కొమ్మల చివర్లలోనే పూస్తుంది. మన దగ్గర వానలు డిసెంబర్ దాకా ఉంటాయి కాబట్టి జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో ఎండుపుల్లలు, అల్లుకుపోయిన పాత కొమ్మలు తీసేసి మిగతాది నడుమెత్తుకి కత్తిరించండి, అంత కొట్టేస్తే చచ్చిపోతుందేమో అని భయం వద్దు, మొండి తీగ అది. రోజుకి ఐదారు గంటల ఎండ మాత్రం తగలాలి. సాయంత్రం తెల్లగా విచ్చి వాసన కొడుతుంది, మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు, ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి, రాత్రి రెక్కల పురుగులు వచ్చేది ఆ తెల్ల పూలకే. ఒక్క మాట, ఈ తీగ బరువు ప్లాస్టిక్ తాడు ఆపలేదు, ఇనుప పైపు పందిరి వేయండి, కరెంటు వైర్ల వైపు మాత్రం పోనీయొద్దు.

కాగితంపూలకి రోజూ నీళ్లు ఎవరు పెట్టమన్నారండీ! హైవే డివైడర్లో మండుటెండలో అది ఎట్లా పూస్తుందో చూస్తానే ఉంటారు కదా. వానలు పోయినాక నీళ్లు ఆపెయ్యండి, ఆకు కొంచెం వాలితే అప్పుడు ఒకసారి బాగా పెట్టండి, మళ్లీ ఆపండి. నిటారుగా లేచిపోయే లావు నీటి కొమ్మలు మొదలుకి కోసెయ్యండి, ముళ్లుంటాయి, చేతికి గోనె చుట్టుకోండి. రంగు కాగితాల్లాంటివి పూరేకులు కావు, అవీ ఆకులే, మూడిటి మధ్యలో సన్నగా తెల్లగా ఉండేదే అసలు పువ్వు.

ఇక పసుపు ఆకులు. కొత్త ఆకు పసుపు, ఈనె పచ్చ అంటే ఇనుము అందడం లేదని, ఉప్పు బోరు నీళ్లు రోజూ పెడితే వచ్చే తంటానే ఇది. పొయ్యి బూడిద అసలు వెయ్యొద్దు, ఇంకా ముదురుతుంది. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అప్పటికప్పుడే, సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి, వారం పది రోజులకి ఇంకోసారి. గేటుకి, గోడకి మాత్రం ముందే ఏదన్నా కప్పండి, ఆ నీళ్లు పడితే తుప్పు మరకలు అవుతాయి, మా క్వార్టర్స్ గోడ మీద నేను చేసిన మరక రెండు సున్నాలు వేసినా ఇంకా కనిపిస్తానే ఉంది.