క్యాంపింగ్‌కి టెంట్ కన్నా ముందు చాప కొనండి

ప్రశ్న: జూలైలో ఇద్దరు పిల్లలతో కాలిఫోర్నియాలోని బిషప్ క్రీక్ వాగు పక్కన రెండు రాత్రులు క్యాంపింగ్ అనుకుంటున్నాం. ఏమేం కొనాలి, ఎంతవుతుంది?

జవాబు: మొదటి ట్రిప్‌కే వెయ్యి డాలర్లు వదిలించుకున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. మీరు ఆ లెక్కలో చేరకండి.

అందరం చేసే పొరపాటు ఒకటే. ఖరీదైన టెంట్ కొంటాం, కిందకి మాత్రం ఇంట్లో దుప్పట్లు సర్దుకుంటాం. రాత్రి వణికించేది నేల చలి. బిషప్ ఊరు సుమారు 4,150 అడుగుల ఎత్తులో ఉంటే, వాగు పక్కనున్న ఫోర్ జెఫ్రీ క్యాంప్‌గ్రౌండ్ 8,100 అడుగుల దగ్గరుంది. వెయ్యి అడుగులకు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున వేడి తగ్గుతుందని లెక్కేసుకోండి. అది చాలదన్నట్టు రాత్రి చల్లగాలి బరువెక్కి వాగువైపే జారుతుంది. మధ్యాహ్నం ఊళ్లో 95 ఉన్నా, తెల్లవారుజామున టెంట్‌లో 45 ఉండొచ్చు. గాలి కొట్టే పరుపు మెత్తగానే ఉంటుంది గానీ, దాని కడుపులోని గాలే చల్లబడి వీపుకి తగులుతుంది. మనిషికి రెండు మామూలు ఫోమ్ చాపలు ఒకదాని మీద ఒకటి వేయండి. చాప నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్-వాల్యూ. ఒక్కోటి 2 అయితే రెండూ కలిసి 4 అవుతుంది, జూలైకి అది చాలు. స్లీపింగ్ బ్యాగ్ మీద 40 అని రాసుంటే 50 దాకానే సుఖం అనుకోండి. టెంట్, బ్యాగులు మొదటిసారికి స్నేహితుల దగ్గర అడిగి తీసుకోండి, మొహమాటపడకండి.

టెంట్ వేసుకునే సైట్ నీళ్లను ఆనుకుని ఉండాలని పట్టుబట్టొద్దు. అద్దె అంతే, చలీ దోమలూ ఎక్కువ. మంచు కరిగే రోజుల్లో మధ్యాహ్నం ఎండకు కరిగిన నీళ్లు సాయంత్రానికి కిందికి చేరతాయి, పొద్దున పిల్లలు కాళ్లు పెట్టిన చోటే వాగు జోరందుకుంటుంది.

ఇక వంట. ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే గ్యాస్ అయిపోతుంది గానీ పప్పు మెదగదు. మూడు లీటర్ల కుక్కర్ తీసుకెళ్లి, పప్పు గంట నానబెట్టి, ఇంట్లో కన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. పెరట్లో బజ్జీలు వేసే బ్యూటేన్ స్టవ్ ఉంది కదా, అది చలిలో మొరాయిస్తుంది. సున్నా సెల్సియస్ దగ్గరికొస్తే బ్యూటేన్ ఆవిరి కాదు, 5 డిగ్రీల్లోనే మంట దీపంలా మినుకుమంటుంది, కాఫీ కాగదు. ప్రొపేన్ స్టవ్ అడిగి తెచ్చుకోండి. ఒక పౌండు డబ్బా ఒక బర్నర్‌ని పెద్ద మంట మీద రెండు గంటలు నడుపుతుంది, కాబట్టి మీకు రెండు డబ్బాలు సరిపోతాయి. చలేస్తోందని స్టవ్ మాత్రం టెంట్‌లోకి తేవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఆవకాయ సీసా, టూత్‌పేస్ట్, పిల్లల కార్‌సీట్ సందుల్లో రాలిన చిప్స్ ముక్కలు... ఎలుగుబంటికి అన్నీ ఒకటే. వాసన వచ్చే ప్రతిదీ సైట్ దగ్గరుండే ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయండి. కారు తలుపు ఊడదీస్తే ఇన్సూరెన్స్ ఇచ్చినా, మీ వాటాగా కట్టే డిడక్టబుల్ మీ జేబులోంచే.

గిన్నెలు వాగులో కడగొద్దు. కట్టెలు ఇంటి నుంచి మోయొద్దు, వాటితో పురుగులూ ప్రయాణం చేస్తాయి, బిషప్‌లో కొనండి. బుకింగ్, మంటల నిబంధనలు రిక్రియేషన్ డాట్ గవ్‌లోనూ, ఈ క్యాంప్‌గ్రౌండ్ ఉన్న ఇన్యో నేషనల్ ఫారెస్ట్ వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి. రద్దు చేసుకోవాలంటే ముందే చేసుకోండి, ఆఖరి నిమిషంలో అయితే ఒక రాత్రి అద్దె పోతుంది.

వెళ్లే ముందు శనివారం టెంట్ ఒకసారి వేసి, తీసి చూడండి. మేకులు లెక్కపెట్టండి. అక్కడి రాతినేలలో సన్నటి అల్యూమినియం మేకులు వంగిపోతాయి, నాలుగు ఇనుప మేకులూ ఒక సుత్తీ డిక్కీలో పడేసుకోండి.