పీసీ ప్రశ్నలు: ఏది ఇప్పుడే మంచిది కొనాలి, ఏది తర్వాత కలుపుకోవచ్చు?

ప్రశ్న: సార్ నమస్తే. నేను ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్. ఇంట్లో పీసీకి డబ్బులిచ్చారు గానీ మళ్ళీ నాలుగేళ్ళ దాకా అడగొద్దన్నారు. కోడింగ్, కాలేజీ పని, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్, టైం దొరికితే గేమ్స్. నా లిస్ట్ ఇది: 8 కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 1 టీబీ హార్డ్ డిస్క్, లైట్లున్న గాజు క్యాబినెట్, దాంతోనే వచ్చే ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంట్ ఇచ్చే డబ్బా). మానిటర్ పాతదే ఉంది, 1080పీ, 60 హెర్ట్జ్. ఓకేనా?

జవాబు: తమ్ముడూ, లిస్ట్ కంటే ముందు ఆ "నాలుగేళ్ళ దాకా అడగొద్దు" అన్న మాట పట్టుకుందాం, ఎందుకంటే నీ లిస్ట్ మొత్తం దాన్ని బట్టే మారాలి. పీసీ పార్టుల్లో కొన్ని తర్వాత పక్కన ఇంకోటి కలుపుకునేవి ఉంటాయి, ర్యామ్, ఎస్ఎస్‌డీ అలాంటివి. కొన్ని మాత్రం పాతది పీకి పక్కన పడేస్తే తప్ప మార్చలేం, ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డ్ ఈ రకం. డబ్బు తక్కువున్నప్పుడు మొదటి రకం తక్కువలో మొదలుపెట్టినా నష్టం లేదు, రెండో రకంలో మాత్రం మొదటిసారే మంచిది కొనాలి. నువ్వు సరిగ్గా రివర్స్‌లో చేశావు.

ముందు ఎస్ఎంపీఎస్ సంగతి చెప్తా, ఎందుకంటే నేనూ ఇక్కడే దెబ్బతిన్నా. నా మొదటి పీసీలో క్యాబినెట్‌తో పాటు వచ్చిందే వాడాను, డబ్బాకి 500 వాట్స్ అని స్టిక్కర్ కూడా ఉంది, గ్రాఫిక్స్ కార్డ్ పెట్టాక గేమ్ మధ్యలో సిస్టం ఆగిపోయేది, ర్యామ్ అనుకున్నా, విండోస్ అనుకున్నా, రెండుసార్లు ఫార్మాట్ కొట్టా, చివరికి ఒకరోజు కాలిన వాసన వచ్చి అది పోతూ పోతూ మదర్‌బోర్డ్‌ని కూడా తీసుకుపోయింది. అందుకే స్టిక్కర్ మీద పెద్ద అక్షరాలు కాదు, పక్కనున్న చిన్న టేబుల్ చదువు, 12 వోల్ట్స్ లైన్ మీద ఎన్ని వాట్స్ ఇస్తుందో అందులో ఉంటుంది. ప్రాసెసర్, కార్డ్ రెండూ బతికేది దాని మీదే. 80 ప్లస్ గుర్తు చూసి కూడా ధీమా పడిపోవద్దు, అది కరెంట్ ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తే గానీ లోపల పార్టులు ఎంత గట్టివో చెప్పదు. మంచి రివ్యూలు, ఎక్కువ ఏళ్ళ వారంటీ ఉన్న 550 వాట్స్ యూనిట్ తీసుకో. నేను కింద చెప్పే కార్డ్, ప్రాసెసర్ కలిపినా గేమ్‌లో రెండు వందల వాట్స్ పైన కొంచెం లాగుతాయి అంతే, మరి 550 ఎందుకంటే కార్డులు ఒక్కోసారి క్షణం పాటు మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతాయి, పైగా నువ్వు రేపు కార్డ్ మార్చినా ఇదే పనికొస్తుంది.

ఇప్పుడు ప్రాసెసర్. నీ మానిటర్ సెకనుకి 60 ఫ్రేములే చూపిస్తుంది, దానికోసం 8 కోర్లకి డబ్బు పోయడం అనవసరం. రైజెన్ 5 5600 గానీ ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ, రెండిట్లోనూ 6 కోర్లు 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), నీ కోడింగ్‌కీ ఆ మాత్రం ఎడిటింగ్‌కీ సరిపోతాయి. రైజెన్ 5 5600 కూర్చునే ఏఎం4 సాకెట్ 2016లో వచ్చిన పాతది కదా అని నీకు ఎవరైనా చెప్పొచ్చు, నిజమే, 2022లో వచ్చిన ఏఎం5 తీసుకుంటే తర్వాత బోర్డ్ మార్చకుండా కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చు, కానీ అది డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది. కాబట్టి ప్రాసెసర్ రేట్ ఒక్కటే చూసి పోల్చకు, ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్ మూడూ కలిపి లెక్కేయి. తేడా తక్కువైతే ఏఎం5 వైపు వెళ్ళు, ఆ తేడా నీ గ్రాఫిక్స్ కార్డ్ నుంచి కోసుకోవాల్సి వస్తే మాత్రం వద్దు.

ఎందుకంటే గేమ్‌లో పని ఎక్కువ చేసేది కార్డే. మానిటర్ ఉంది కాబట్టి మొత్తం డబ్బులో మూడోవంతు, కుదిరితే ఇంకొంచెం ఎక్కువ దీనికే తీసి పెట్టు. 4 జీబీ కార్డ్ వద్దే వద్దు. గేమ్ టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల మీద అతికే బొమ్మలు) కార్డ్ సొంత మెమరీ అయిన ఆ 4 జీబీలో పట్టకపోతే మిగిలింది స్లాట్ దారిలో మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి, ఆ దారి చాలా నెమ్మది, అందుకే యావరేజ్ ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బాగానే కనిపిస్తున్నా మలుపు తిరగ్గానే గేమ్ గుక్కపట్టినట్టు ఆగుతుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ కార్డ్‌లో ఇంకో చిక్కుంది, దానికి పీసీఐఈ లేన్లు (బోర్డ్‌తో డేటా నడిచే దారులు) నాలుగే, పాత పీసీఐఈ 3.0 బోర్డ్‌లో పెడితే ఆ కాస్త స్పీడూ సగమైపోతుంది, పైగా వీడియో ఎన్‌కోడర్ (వీడియోని కుదించి ఫైలుగా చేసే భాగం) లేదు, నువ్వేమో ఎడిటింగ్ అంటున్నావు. 8 జీబీ ఉన్న ఆర్‌ఎక్స్ 6600 నీ మానిటర్‌కి చక్కగా సరిపోతుంది, 132 వాట్స్ కార్డ్. ఎడిటింగ్ పెరుగుతుంది, మెషిన్ లెర్నింగ్ కూడా నేర్చుకుంటా అనుకుంటే ఎన్‌విడియా వైపు ఆర్‌టీఎక్స్ 4060 చూడు, క్యూడా (ఎన్‌విడియా కార్డుల మీద లెక్కలు నడిపే దాని సొంత పద్ధతి) అడిగే సాఫ్ట్‌వేర్ చాలా ఉంది.

ర్యామ్ 16 జీబీ, అదీ రెండు 8లు. ఒకటే స్టిక్ అయితే ప్రాసెసర్‌కి ర్యామ్‌తో మాట్లాడే దారి, అంటే ఛానెల్, ఒక్కటే దొరుకుతుంది. మరీ డబ్బు సరిపోకపోతే ఇప్పుడు ఒక 8 పెట్టి రెండు మూడు నెలల్లో అదే మోడల్ ఇంకోటి కలుపు, అప్పటిదాకా గేమ్ కొంచెం తడబడుతుంది, ఓర్చుకో. హార్డ్ డిస్క్ మీద విండోస్ మాత్రం ఎక్కించకు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీతో (బోర్డ్‌లోనే గుచ్చే వేగమైన రకం) మొదలుపెట్టి, తర్వాత ఇంకోటి కలుపుకునేందుకు బోర్డ్‌లో అది గుచ్చే ఎం.2 స్లాట్లు రెండు ఉండేలా చూసుకో. క్యాబినెట్ ముందువైపు గాజు కాదు, జాలీ ఉన్నది కొను, గాలి ఆడాలి.

ప్రశ్న: నాకు ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ కొనే స్తోమత లేదు. ఏడాది తర్వాత పెట్టుకుంటా. అప్పటిదాకా ప్రాసెసర్‌తోనే నడుస్తుందా? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: నడుస్తుందమ్మా, కానీ ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చూసి కొను. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, రైజెన్ 5 5600లోనూ లేదు, కార్డ్ లేకుండా ఇవి తీసుకుంటే స్క్రీన్ మీద బొమ్మే రాదు. నీకు 5600జీ లాంటిది కావాలి, చదువు పనికి హాయిగా ఉంటుంది, తేలికపాటి గేమ్స్ సెట్టింగ్స్ తగ్గించి ఆడొచ్చు. అయితే ముందే తెలుసుకో, 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, 5600జీలో 16 ఎంబీయే, పీసీఐఈ కూడా 3.0 వరకే, కాబట్టి ఏడాది తర్వాత మంచి కార్డ్ పెట్టినా గేమ్స్‌లో 5600 అంత రాదు. దీంట్లో రెండు స్టిక్కులు తప్పనిసరి, లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే మరి.

ప్రశ్న: మా అబ్బాయి సెకండ్ హ్యాండ్ కార్డ్ తీసుకుంటానంటున్నాడు. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌కి వాడింది అయితే పాడైపోయి ఉంటుందా?

జవాబు: మైనింగ్ అన్న ఒక్క కారణానికే వద్దనక్కర్లేదండీ, ఎక్కువగా అరిగేది ఫ్యాన్లు, ఎండిపోయేది చిప్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటించే పేస్ట్, ఆ రెండూ మార్చుకోవచ్చు. చూడాల్సింది ఏంటంటే, మీ ముందు అరగంట గేమ్ గానీ స్ట్రెస్ టెస్ట్ గానీ నడిపించమనండి, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తే మెమరీ పోతున్నట్టే, వదిలేయండి. వారంటీ బిల్లుతో సహా మీ చేతికి వస్తే ఇంకా మంచిది. ఎస్ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్ కొననివ్వకండి.

ప్రశ్న: 144 హెర్ట్జ్ మానిటర్‌తో కొత్త పీసీ సొంతంగా బిగించుకున్నాను. గేమ్స్ అనుకున్నంత స్మూత్‌గా లేవు. కార్డ్‌లో తేడా ఉందంటారా?

జవాబు: కార్డ్‌ని అనుమానించే ముందు వెనక్కి వెళ్ళి మానిటర్ వైరు ఎక్కడుందో చూడండి. మదర్‌బోర్డ్‌కి పెట్టి ఉంటే కార్డ్ ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్సే గేమ్ లాగుతూ ఉండొచ్చు, వైరు కార్డ్‌కే పెట్టాలి. తర్వాత విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి, చాలాసార్లు అది 60 మీదే ఉండిపోతుంది, 144కి మార్చేది మనమే. ర్యామ్ స్లాట్లు నాలుగుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు వాటిలో పెట్టండి, పక్కపక్కన పెడితే మామూలుగా ఒకటే ఛానెల్ అవుతుంది. బయోస్‌లో (బోర్డ్ సొంత సెట్టింగ్స్ మెనూ) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ కూడా 2133లోనో 2400లోనో నడుస్తూ ఉంటుంది, అదీ చూడండి. ఇవన్నీ సరిగ్గానే ఉండి గేమ్ మొదలైన కాసేపటికి ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలు దాటుతుంటే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర పీకడం మర్చిపోయి ఉండొచ్చు. విప్పి చూడండి, విప్పాక మాత్రం పాత పేస్ట్ తుడిచేసి కొత్తది వేయకుండా మళ్ళీ బిగించొద్దు.