‘చెక్కిన వ్యక్తి’ ఎవరు?

సందేహం: మా గ్రంథాలయంలో రెండు మూడు వందల ఏళ్ల నాటి యూరప్ పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని ఎన్‌గ్రేవింగ్‌లకు, అంటే రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన మనుషుల బొమ్మలకు, తెలుగులో చిన్న పరిచయాలు తయారుచేస్తున్నాం. చూపు లేనివారు కూడా విని తెలుసుకోవాలన్నది మా ఉద్దేశం. బొమ్మలు వందల్లో ఉన్నాయి కాబట్టి ఏఐ సాయం తీసుకున్నాం. ఒక బొమ్మను చూపించి ‘వర్ణించు’ అంటే ఇలా రాసింది: “ఇది ఒక చెక్కబడిన ముఖచిత్రం. చెక్కిన వ్యక్తి గడ్డం మరియు పొడవాటి విగ్గును కలిగి ఉన్నాడు. అతను నల్లని అంగీని ధరించి ఉన్నాడు. ఆయన ఎడమ చేతిలో ఒక పుస్తకం పట్టుకోబడి ఉంది. ఆయన తీక్షణమైన చూపులు ఆయన మేధాశక్తిని ప్రతిబింబిస్తున్నాయి. 57 సంవత్సరాల వయస్సు గల ఈయన ఒక గొప్ప పండితుడు.” నిజానికి బొమ్మలో మనిషికి గడ్డం లేదు, దవడ కింద గీతలున్నాయి. కింద లాటిన్‌లో ఒక పేరు, ‘ఏటాటిస్ సుయే 57’ అనే మాటలు, ఒక మూల ఇంకో పేరు, దాని పక్కన ‘స్కల్ప్సిట్’ అని ఉన్నాయి. ‘చెక్కబడిన’ అనాలా, ‘చెక్కిన’ అనాలా? ఎన్‌గ్రేవింగ్‌కు తెలుగు మాట ఏది? ఏఐని ‘వర్ణించు’ అని అడగాలా, ‘వివరించు’ అని అడగాలా?

సమాధానం: మీరు మూడే అడిగారు గానీ, మీరు పంపిన ఆ ఆరు వాక్యాల్లో అంతకు రెట్టింపు సందేహాలున్నాయి. ముందు ‘ముఖచిత్రం’ సంగతి చూద్దాం. తెలుగులో ముఖచిత్రం అంటే పత్రికకో పుస్తకానికో అట్టమీద వేసే బొమ్మ. ముఖం ఉంది, చిత్రం ఉంది కదా అని ఏఐ రెండూ అతికించింది. పోర్ట్రెయిట్‌కు ‘రూపచిత్రం’ అన్న మాట వాడుకలో ఉంది. ‘చిత్తరువు’ ఇంకా అందమైన మాటే గానీ, ‘చిత్తరువులా నిలబడిపోయింది’ అన్న వాడుకలో తప్ప ఇప్పుడు పెద్దగా వినిపించడం లేదు. మీరు రూపచిత్రం అనండి. అదీ బరువనుకుంటే బొమ్మ అనండి. బొమ్మ అంటే తక్కువైపోయేదేమీ లేదు.

‘చెక్కబడిన’ అక్కర్లేదు. వండిన కూర, రాసిన ఉత్తరం, కుట్టిన జాకెట్టు అంటాం. కూర తనంతట తాను ఏదో వండిందని ఎవరూ అనుకోరు. అలాగే చెక్కిన బొమ్మ. ఇంతవరకూ తేలికే. చిక్కు రెండో వాక్యంలో వచ్చింది. మన క్రియాజన్య విశేషణం చాలా ఉదారమైనది, ఎవరి పక్కనైనా కూర్చుంటుంది: చెక్కిన శిల్పి, చెక్కిన బొమ్మ, చెక్కిన రేకు, చెక్కిన పనిముట్టు, చెక్కిన రోజు. చేసినవారు, చేసింది, దేనిమీద, దేనితో, ఎప్పుడు అన్న తేడా విశేషణంలో ఉండదు, పక్కనున్న నామాన్ని బట్టి మనమే తెలుసుకుంటాం. నామం రాయి అయితే గొడవ లేదు. మనిషి అయితే మాత్రం ‘చెక్కిన వ్యక్తి’ అనగానే తెలుగువాడికి తట్టేది పనిచేసిన మనిషే. అంటే మీ ఏఐ వాక్యం ప్రకారం గడ్డమూ విగ్గూ ఉన్నది బొమ్మ చెక్కినాయనకు! ఆ మాటకొస్తే ‘చెక్కబడిన వ్యక్తి’ అన్నా బాగుండదు, మనిషి ఒంటిమీదే చెక్కినట్టు ఉంటుంది. ‘బొమ్మలోని వ్యక్తి’, ‘బొమ్మ చెక్కినవారు’ అని విడదీసి రాయండి, పేచీ ఉండదు.

ఈ తేడాను ఆ కాలపు అచ్చుబొమ్మలు చాలా జాగ్రత్తగా పాటించాయి. మీరు మూలన చూసిన ‘స్కల్ప్సిట్’ అదే. లాటిన్‌లో దానికి ‘చెక్కెను’ అని అర్థం. ‘పింక్సిట్’ ఉంటే రంగుల చిత్రం వేసినవారు, ‘డెలినియావిట్’ ఉంటే గీసినవారు, ‘ఎక్స్‌కూడిట్’ ఉంటే అచ్చువేసి వెలువరించినవారు. చాలాసార్లు వీటిని స్కల్ప్., పింక్స్., డెల్. అని పొట్టిగా రాస్తారు. ఏఐలు ‘స్కల్ప్’ చూసి ‘శిల్పి’ అని రాసే ప్రమాదం ఉంది. అప్పుడు వినేవారికి రాతి విగ్రహమే మనసులో మెదులుతుంది. లాటిన్ క్రియ మన క్రియలాంటిదే, కర్తను వేరే చెప్పకపోయినా ప్రత్యయంలోనే ఇముడ్చుకుంటుంది. అందువల్ల ‘ఫలానావారు చెక్కారు’ అని తెలుగు చేస్తే అచ్చంగా సరిపోతుంది. ఒక్కటే తేడా. లాటిన్ క్రియలో ఆడా మగా తెలియదు, ‘చెక్కాడు’లో తెలిసిపోతుంది. 16వ శతాబ్దంలోనే ఇటలీలో డయానా స్కుల్తోరి వంటి స్త్రీలు రాగిరేకుల మీద చెక్కారు. కాబట్టి పేరును బట్టి ఊహించే పని పెట్టుకోకుండా ‘చెక్కారు’ అంటే మర్యాదకు మర్యాద, క్షేమానికి క్షేమం.

ఇక ఎన్‌గ్రేవింగ్‌కు తెలుగు. ‘ఉత్కీర్ణ చిత్రం’ అని సంస్కృతం నుంచి తెచ్చుకోవచ్చు. తప్పు కాదు, కానీ విన్నవారు మళ్లీ అర్థం అడుగుతారు. ‘చెక్కుడు బొమ్మ’ అంటే కొయ్యబొమ్మ అనుకుంటారు. ‘రాగిరేకు బొమ్మ’ దగ్గరగానే ఉంటుంది గానీ, రాగిరేకు అనగానే మనకు అన్నమయ్య సంకీర్తనలు గుర్తొస్తాయి. అక్కడ రేకునే చదువుతాం. ఇక్కడ రేకును ఎవరూ చూడరు, చూసేది దాని అచ్చును. అచ్చు తిరగబడి వస్తుంది కాబట్టి రేకు మీద అక్షరాలన్నీ ఎడమ కుడి మార్చి చెక్కేవారు. నా మాట వింటే, మొదటిసారి ‘రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన రూపచిత్రం’ అని పూర్తిగా చెప్పండి, ఆ తర్వాత ‘అచ్చుబొమ్మ’ అనండి, లేదా ఎన్‌గ్రేవింగ్ అనే ఉంచేయండి. రైలును, బస్సును రానిచ్చిన భాషకు ఇదొక లెక్క కాదు.

చెక్కే పనిముట్టుకు మాత్రం మనదైన ఒక పోలిక ఉంది. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పూసి తుడిస్తే అక్షరాలు నల్లగా కనబడేవి. రాగిరేకు పనీ అదే సూత్రం. గీతలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పెట్టి గట్టిగా ఒత్తితే గీతలోని సిరా కాగితానికి అంటుకుంటుంది. గంటంతో గీస్తారు, రాగిరేకు మీద ఉక్కు మొనను ముందుకు తోస్తూ సన్నని లోహపు పొరను లేపుతారు, తేడా అంతే. కొయ్యదిమ్మ బొమ్మల్లో కథ తలకిందులవుతుంది. చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కకుండా వదిలింది నల్లగా అచ్చవుతుంది. రెండింటికీ తెలుగులో ‘చెక్కు’ ఒక్కటే క్రియ కాబట్టి, రాగిరేకా కొయ్యదిమ్మా అన్నది తప్పక చెప్పాలి.

‘గడ్డం కలిగి ఉన్నాడు’ దగ్గర నేను నవ్వుకున్నాను. తెలుగులో గడ్డం అంటే మీసాలతో పాటు పెరిగేదీ అదే, కింది పెదవి కింద ఉండేదీ అదే. గడ్డం లేనివాళ్లు లోకంలో ఎవరూ ఉండరు! హాస్యం పక్కన పెడితే, తెలుగులో మనకు గడ్డం ‘ఉంటుంది’, మనం గడ్డాన్ని ‘కలిగి’ ఉండం. ఆస్తినైనా ‘ఆయనకు రెండెకరాలుంది’ అంటాం గానీ ‘ఆయన రెండెకరాలు కలిగి ఉన్నాడు’ అనం. ఇక లేని గడ్డం ఎలా వచ్చిందంటారా, ఈ పద్ధతిలో నీడ చూపించడానికి గీతలు తప్ప దారి లేదు. దగ్గర దగ్గరగా గీస్తే ముదురు నీడ, ఎడంగా గీస్తే లేత నీడ, అడ్డగీతలు అల్లితే ఇంకా ముదురు. క్లోద్ మెలాఁ అనే ఫ్రెంచి కళాకారుడు 1649లో క్రీస్తు ముఖాన్ని ముక్కుకొస దగ్గర మొదలుపెట్టి చుట్లు చుట్లుగా తిరిగే ఒకే ఒక్క గీతతో చెక్కాడు. నీడ కావలసిన చోట ఆ గీతనే లావు చేశాడు. ఫొటోలకు అలవాటుపడిన యంత్రానికి దవడ కింద అలాంటి గీతలు వెంట్రుకల్లా తోచడంలో ఆశ్చర్యం లేదు. ‘నల్లని అంగీ’ కూడా ఆ బాపతే. ఒకే సిరాతో అచ్చయిన బొమ్మలో అంగీ రంగు ఎవరికి తెలుస్తుంది? ‘ముదురు రంగు’ అనడం వరకే మన హక్కు.

‘ధరించు’ గురించి కొంచెం ఆగి చెప్పాలి. తెలుగులో చొక్కా తొడుక్కుంటాం, పంచె కట్టుకుంటాం, టోపీ పెట్టుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం, శాలువా కప్పుకుంటాం, దండ వేసుకుంటాం. ఒక్కో క్రియలో ఆ వస్తువు ఒంటిమీద ఎలా ఉందో కూడా ఉంది. ‘ధరించు’ వీటన్నింటినీ చదును చేసేస్తుంది. అంగీ ‘తొడుక్కున్నారు’ అని రాయాలంటే చేతులు లోపలున్నాయో లేదో చూడాలి. చేతులు లోపల లేకపోతే అది ‘కప్పుకున్న’ పైవస్త్రం. సరైన క్రియ కోసం వెతుక్కుంటే మళ్లీ బొమ్మ చూడక తప్పదు. చూపు లేనివారికి ఈ క్రియలే బొమ్మ కట్టిస్తాయి. విగ్గుకు ‘పెట్టుడు జుట్టు’ అనవచ్చు, పెట్టుడు పళ్లు, పెట్టుడు మీసం ఉన్నాయిగా.

ఒకే మనిషి రెండో వాక్యంలో ‘ఉన్నాడు’, మూడో వాక్యంలో ‘అతను’, నాలుగో వాక్యానికి ‘ఆయన’ అయ్యాడు, చివరికి ‘ఈయన’. ఏదో ఒకటి తేల్చుకోవాలి. నా ఓటు ఆయన, ఆవిడలకు.

ఎడమ చేయి అంటే ఎవరి ఎడమ? మనకు ఎదురుగా ఉన్నవారి ఎడమ చేయి మనకు కుడివైపు ఉంటుంది. పైగా చిత్రాన్ని చూసి ఉన్నదున్నట్టు రేకు మీద చెక్కితే, అచ్చులో అది తిరగబడి, కుడిచేతిలోని పుస్తకం ఎడమచేతిలోకి వస్తుంది. ‘మనకు కుడివైపు ఉన్న చేతిలో’ అని రాస్తే ఏ తిరకాసూ ఉండదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. వర్ణించు అంటే ఏఐ ప్రబంధకవి అవుతుంది, తీక్షణమైన చూపులు, మేధాశక్తి వచ్చేస్తాయి. వివరించు అంటే మాస్టారు అవుతుంది, ఆ బొమ్మకు ప్రాముఖ్యం ఏమిటో పాఠం చెబుతుంది. రెండూ వద్దు. ‘కనబడింది కనబడినట్టు చెప్పు, కింద రాసి ఉన్నది వేరే చెప్పు, ఊహ అయితే ఊహ అని చెప్పు’ అని అడగండి. ఈ యంత్రం బొమ్మను ముక్కలు ముక్కలుగా తీసుకుని, తనకు నేర్పిన బొమ్మలూ వాక్యాలను బట్టి ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో లెక్కకట్టి రాస్తుంది. చూసిందీ, చదివిందీ, ఊహించిందీ అన్నీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో చెబుతుంది. మంచి తెలుగు అలా చెప్పదు. కళ్లారా చూస్తే ‘పుస్తకం ఉంది’ అంటాం. అనుమానమైతే ‘పుస్తకంలా ఉంది’, ఇంకా అనుమానమైతే ‘పుస్తకం కాబోలు’. ఎవరో చెబితే ‘పండితుడట’. ఆ ఒక్క ‘ట’తో మాట మనది కాదని తేల్చేస్తాం. ఏఐ తెలుగులో ఈ ‘ట’, ఈ ‘కాబోలు’ నాకు దాదాపుగా కనబడలేదు. అన్నిటికీ ‘కావచ్చు’, దానికి ముందొక ‘బహుశా’. అయితే కేటలాగులో ‘ట’ వాడమని చెప్పను. రాతలో అది ఒక్కోసారి వెటకారంలా ధ్వనిస్తుంది. ‘అని కింద రాసి ఉంది’ అంటే చాలు.

ఇదంతా చాదస్తం అనుకోకండి. 1493 నాటి జర్మనీ చరిత్ర గ్రంథం న్యూరెంబర్గ్ క్రానికల్‌లో 1809 బొమ్మలుంటే, వాటిని అచ్చువేసిన కొయ్యదిమ్మలు 645. ఒకే ముఖం పేరు మార్చుకుని వేర్వేరు మనుషులుగా మళ్లీ మళ్లీ వస్తుంది. 17వ శతాబ్దంలో పియర్ లోంబార్ చెక్కిన ఒక రేకు మీద గుర్రాన్నీ రౌతు శరీరాన్నీ అలాగే ఉంచి, తల మాత్రం చెరిపి చెరిపి, ఒకసారి ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్‌ను, ఒకసారి ఆయన శత్రువైన మొదటి చార్లెస్ రాజును చెక్కారు. షేక్‌స్పియర్ అనగానే మనకు గుర్తొచ్చే బొమ్మ 1623 నాటి నాటకాల సంపుటిలోది. దానికింద ‘మార్టిన్ డ్రూషౌట్ స్కల్ప్సిట్ లండన్’ అని ఉంది. డ్రూషౌట్ 1601లో పుట్టాడు, షేక్‌స్పియర్ 1616లో పోయాడు. పదిహేనేళ్ల కుర్రాడు ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసి ఉంటాడా అన్నది అనుమానమే. ఇలాంటిచోట ‘ఇది ఫలానావారి ముఖం’ అని రాస్తే అబద్ధం కావచ్చు, ‘ఫలానావారు అని కింద రాసి ఉంది’ అంటే ఎప్పటికీ అబద్ధం కాదు.

మీ బొమ్మకు నేనైతే ఇలా రాస్తాను:

“రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన రూపచిత్రం. ఒక పురుషుడు నడుము దాకా కనబడుతున్నారు. నున్నగా గీసుకున్న గడ్డం, భుజాల మీదికి జారిన పొడవాటి పెట్టుడు జుట్టు. ముదురు రంగు అంగీ తొడుక్కున్నారు. మనకు కుడివైపు ఉన్న చేతిలో ఒక పుస్తకం ఉంది. కింద లాటిన్‌లో ఆయన పేరు, ‘57వ ఏట’ అని రాసి ఉన్నాయి. ఒక మూల, చెక్కినవారి పేరు ఉంది. వేషాన్ని బట్టి పండితుడు కాబోలు.”

భుజాలు, నడుము, అంగీ చేతులు, పుస్తకం ఏ వైపున్నదీ అన్న సంగతి మీరు చెప్పినదాన్ని బట్టి నేను ఊహించాను, బొమ్మ పక్కన పెట్టుకుని దిద్దుకోండి. ‘57వ ఏట’ను మాత్రం దిద్దకండి. ‘ఏటాటిస్ సుయే 57’కు అక్షరార్థం ఆయన వయసులో 57వ ఏడు నడుస్తోందని, అంటే 56 నిండాయని. మన ‘ఏట’ సరిగ్గా అదే చెబుతుంది. ‘57 సంవత్సరాల వయస్సు గల’ అంటే లెక్క ఒక ఏడాది పక్కకు పోవచ్చు. బొమ్మ మీది సంవత్సరంలోంచి 57 తీసేసి పుట్టిన సంవత్సరాలు వేసి ఉంటే, మీ జాబితాను ఒకసారి మళ్లీ చూసుకోవలసి వస్తుంది.