బావకు వాచ్ తొడిగే ముందు

అల్లుడా,

మీ బాపుకు షుగర్ అని తేలంగనే స్మార్ట్ వాచ్ ఆర్డర్ పెట్టినవని అక్క చెప్పింది. మంచిదే. తొడిగే ముందు నా ముచ్చట జర విను.

నేను గూడ ఒకటి కట్టిన. రోజుకు పదివేల అడుగులని అదే టార్గెట్ పెట్టింది. భద్రకాళి బండ్ మీద పొద్దుమాపు తిరిగి 41 రోజులు ఒక్కటి తప్పలే. అంతల మేడారం జాతర. బెల్లం మూట నెత్తిన పెట్టుకొని జంపన్న వాగు కాడికెల్లి గద్దెల దాకా నడిచిన. జన్మల అంత నడవలే. చార్జింగ్ అయిపోయిన వాచ్‌కు అదేం ఎరుక? ఇంటికొచ్చి చూస్తే సున్నా! కోపమొచ్చి బీరువల పడేసిన. దాంతోపాటే నడక గూడ పడ్డది, రెండు నెలలు.

ఆ పదివేలు డాక్టర్లు తేల్చిన లెక్క గాదు. 1965ల జపాన్‌ల అమ్మిన అడుగుల మీటర్ పేరు ‘మన్‌పో-కే’, అంటే పదివేల అడుగుల మీటరని. ఆ పేరే అందరి నెత్తిన కూసున్నది. లండన్‌ల 96 మందిని పన్నెండు వారాలు చూస్తే, అలవాటు కుదరనీకి ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 254 దాకా పడ్తదని అంచనా లెక్క తేలింది, నడిమిట్ల 66. ఒక్కరోజు తప్పితే ఏం చెడలేదట. అందుకే వరుస రోజులు లెక్కబెట్టేది ముందు బంద్ చెయ్.

మొదటి వారం టార్గెటే వద్దు, ఉత్తగ కట్టుకోమను. తర్వాత ఆ వారం నడిచిన లెక్క మీద ఐదొందల అడుగులు పెంచు. కొత్త టైముకు అలారం పెడితే బావ ఆపి పండుకుంటడు. రాత్రి తినుడు అయినంక పాన్ డబ్బా దాకా ఎట్లైన పోతడు గద, దాన్నే ఇంకో పది నిమిషాలు సాగదియ్. తిన్నంక నడిస్తే షుగర్ ఎక్కువ ఎక్కదు గూడ.

హైదరాబాద్‌ల కూసోని నీ ఫోన్ల ఆయన అడుగులు చూస్తవు, ఎరుకే. ‘ఎంత నడిచినవ్’ అని మాత్రం అడగకు. లోకోషెడ్ల ముప్పై ఏండ్లు హాజరు వేయించుకున్న మనిషి, మళ్ల కొడుక్కు వేయించుకుంటడా? మా కాలనీల ఒకాయన కోడలు అడుగుతదని వాచ్‌ను మనవడికి కట్టి ఆటకు తోలేది. ‘వడ్డేపల్లి చెరువు దిక్కు పోయినవా, దర్గా దిక్కా’ అని అడుగు. ఎవరు కలిసిన్రో అన్నీ చెప్తడు.

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించు, అసలు సంగతి అండ్ల తెలుస్తది.

చార్జర్ టీవీ పక్కన పెట్టు. వార్తలప్పుడు వాచ్ తీసి అక్కడ పెడతడు.

మీ మామ
హన్మకొండ