క్రాంక్ గ్రైండింగా, కొత్తదా? ముందు కొలతలు కాగితం మీదికి రావాలి

ప్రశ్న: లాయర్ గారూ, నాకున్నది ఒకటే గూడ్స్ బండి, నేనే నడుపుకుంటాను. ఒక గ్యారేజీలో ఇంజిన్ ఆయిల్ మార్పించాను. నాలుగో రోజు ఆయిల్ లైటు వెలిగింది, పక్కకు తీసి ఆపేలోపే ఇంజిన్ పట్టేసింది. చూస్తే కింద ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు లేదు. ఇంజిన్ విప్పితే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) మీద కనెక్టింగ్ రాడ్లు పట్టుకునే పిన్నుల్లో రెండింటికి గీతలు పడ్డాయి. గ్యారేజీ ఓనరు తన ఖర్చుతో గ్రైండింగ్, అంటే గీతలు పోయేలా పిన్నుల పైపొర కోసి నునుపు చేయడం, చేయిస్తానంటున్నాడు, తెలిసిన మెకానిక్ మాత్రం కొత్త క్రాంక్ వేయించుకోమంటున్నాడు. కొత్తదే కావాలని పట్టుబట్టవచ్చా?

జవాబు: పట్టుబట్టవచ్చు, కానీ మెకానిక్ చెప్పాడన్న ఒక్క మాట మీద కాదు. చట్టం ప్రకారం మీకు రావలసింది కొత్త క్రాంక్ కాదు, బోల్టు ఊడకముందు ఎలా నడిచేదో అలా నడిచే ఇంజిన్. గ్రైండింగ్‌తో అది వస్తుందంటే మీకు దక్కేది గ్రైండింగ్ ఖర్చే. రాదని తేలితేనే కొత్తదాని డబ్బు. అందుకే ఈ గొడవ తేలేది మాటల్లో కాదు, సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ మీద.

ముందు ఆ క్రాంక్‌ను గ్యారేజీ నుంచి కదలనివ్వకండి. ఒకసారి గ్రైండింగ్ మెషిన్ ఎక్కిందంటే గీతలతో పాటు మీ సాక్ష్యమూ పోతుంది, ఓనరు మంచి మనసుతోనే తొందరపడుతున్నా సరే. బోల్టు లేని ఆయిల్ సంపు (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి), దాని మరలు, పిన్నుల చుట్టూ ఉండే అరిగిన షెల్ బేరింగులు, అన్నీ ఫొటోలు తీయండి, బేరింగులు ఏ పిన్నువో రాసి విడిగా కవర్లలో పెట్టండి. ఆయిల్ మార్పించిన బిల్లు జాగ్రత్త. తర్వాత ఆ గ్యారేజీతో సంబంధం లేని మెషిన్ షాపులో చూపించి రిపోర్టు రాయించుకోండి, ఫలానా రోజు కొలతలు తీస్తున్నాం, మీరూ రండి అని ఓనరుకు ముందే మెసేజ్ పెట్టండి. రాకపోతే అది అతని ఇష్టం, నాకు తెలియకుండా చేశారని రేపు అనలేడు.

రిపోర్టులో ప్రతి పిన్ను, ప్రతి మెయిన్ జర్నల్ (క్రాంక్ ఇంజిన్ బాడీలో కూర్చుని తిరిగే చోటు) కొలత ఉండాలి, గుండ్రం తప్పిందా, డయల్ గేజ్ పెడితే వంపు ఎంత చూపింది, కంటికి కనబడని పగుళ్లు పట్టే మాగ్నెటిక్ క్రాక్ టెస్టులో ఏమొచ్చింది అన్నవీ ఉండాలి. పగులు ఉంటే ఇక చర్చ లేదు, కొత్తదే. పగులు లేదు, వంపు కంపెనీ చెప్పిన హద్దులోనే ఉంది, గీతలు 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల కోతలో పోతాయి, ఆ సైజు బేరింగులు దొరుకుతాయి అంటే గ్రైండింగ్‌కు ఒప్పుకోండి, సరిగ్గా చేసిన క్రాంక్ తక్కువ సరుకేమీ కాదు. చిక్కల్లా మధ్యలో ఉన్నవాటితోనే. వేడికి పిన్ను నీలం తిరిగితే గట్టిదనం పోయి ఉండొచ్చు, హార్డ్‌నెస్ టెస్టు అడగండి. కొన్ని క్రాంక్‌లకు నైట్రైడింగ్ చేసిన పలుచటి గట్టి పొర ఉంటుంది, కోస్తే అది పోతుంది, మళ్లీ చేయించాలి. కొన్ని కంపెనీలైతే గ్రైండింగ్ వద్దని సర్వీస్ మాన్యువల్‌లోనే రాస్తాయి, కోసి సన్నబడిన పిన్నుకు సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు అమ్మవు. మీ ఇంజిన్‌కు అలాంటి పేజీ ఉంటే నేను రాసే పది పేజీల నోటీసు కన్నా అదే బలం.

గ్రైండింగ్‌కు ఒప్పుకుంటే ఊరికే తలూపకండి. ఏ సైజుకు కోస్తారు, ఎన్ని నెలల గ్యారంటీ, ఆయిల్ దారులు, కూలర్, పంపు శుభ్రం చేస్తారా, కనెక్టింగ్ రాడ్లు కొలుస్తారా, ఇవన్నీ రాతలో ఉండాలి. లోపల ఇనుప రజను మిగిలితే కొత్త క్రాంక్ వేసినా మళ్లీ అదే చావు.

అతను తర్వాత మాట మార్చితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. గూడ్స్ బండి కాబట్టి వాణిజ్య అవసరం అని అడ్డు చెబుతారు, కానీ స్వయం ఉపాధిగా, కేవలం బతుకుతెరువుకే వాడుకునేవాళ్లను ఆ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్లు గడువు. బండి ఆగిన రోజుల కిరాయి నష్టం కూడా అడగండి, పాత ట్రిప్పుల లెక్కలు ఉంటేనే. అలాగని కేసు తేలేదాకా బండిని మూలన పడేస్తే ఆ నష్టం మొత్తం ఇప్పించరు, తగ్గించుకునే ప్రయత్నం మీరూ చేయాలి. మామూలు బండి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, మెకానికల్ బ్రేక్‌డౌన్ అందులో ఉండదు.

మీ కేసులో అవతలి లాయరు పట్టుకునేది ఒకటుంది: ఆయిల్ లైటు వెలిగాక ఎంత దూరం నడిపారు? పక్కకు తీసేలోపే పట్టేసిందని నాకు రాశారు. సరిగ్గా ఎక్కడ వెలిగింది, ఎక్కడ ఆగింది, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఇవి గుర్తున్నప్పుడే తేదీ, టైముతో రాసి పెట్టుకోండి, నోటీసు ఇచ్చేటప్పుడు నాకు కావాల్సిన మొదటి కాగితం అదే.